వద్దన్న కాడ ఆపుత

2012 మార్చిలో ఒక ఆదివారం పత్రిక అనుబంధంలో శోభ రాసిన కథ అచ్చయింది. కథ పేరు 'పెట్టె'. పేరు కింద ఫోన్ నంబరు కూడా వేశారు. పొద్దున ఏడింటికి మొదలైన ఫోన్లు మధ్యాహ్నం అన్నాల వేళ దాకా ఆగలేదు.

శోభది శంషాబాద్ పక్క ఊరు. విమానాశ్రయం సరుకుల గేటు బయట ఒక క్లియరింగ్ ఏజెంటు దగ్గర కాగితాలు చూసే ఉద్యోగం ఆమెది. మందుల డబ్బాలు, యంత్రాల సామాన్లు, వేసవిలో మామిడిపళ్లు, అన్నీ ఆమె బల్ల మీద కాగితాలై వచ్చి పోతుంటాయి. వాటితో పాటే గల్ఫ్ నుంచి పెట్టెలు వస్తాయి. అక్కడ పనిచేస్తూ చనిపోయినవాళ్లను తెచ్చే పెట్టెలు. వాటికీ మిగతా సరుకులాగే ఒక కాగితం ఉంటుంది, ఆ కాగితంలో బరువు రాసే గడి ఉంటుంది. ఆ గడి నింపేటప్పుడు ప్రతిసారీ ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగేది. కథ అక్కడే పుట్టింది.

కథలో ఒక ఊరికి పెట్టె వస్తుంది. భార్య పట్టుబట్టి మూత తీయిస్తుంది. లోపల ఏముందో శోభ నిలువు కాలమ్ నిండా రాసింది. ఆ ఒక్క కాలమ్ కోసం తెలిసిన కాంపౌండరును అడిగి అడిగి వివరాలు రాసుకుంది. రాసేవాళ్లు కళ్లు తిప్పుకోకూడదని ఆమె గట్టి నమ్మకం.

ఆ ఆదివారం విజయవాడ నుంచి ఒక రిటైర్డ్ లెక్చరరు ఫోన్ చేశాడు. "పెట్టె తెరిచిన ఘట్టం చదివాక అన్నం తినలేకపోయానమ్మా. ఎంత శక్తివంతంగా రాశారండీ!" అన్నాడు. శోభ ఫోన్ పెట్టేసి వంటింట్లోకి పరుగెత్తి, "అన్నం తినలేకపోయిండట!" అని భర్త మల్లేశ్వర్‌కు సంబరంగా చెప్పింది. మల్లేశ్వర్ అప్పుడే కంచం ముందు కూర్చున్నాడు. ఒకసారి ఆమె మొహంలోకి చూసి, ముద్ద కలుపుకున్నాడు.

బుధవారం ఆఫీసులో టిఫిను డబ్బా విప్పుతుండగా మళ్లీ ఫోన్ వచ్చింది. ఆడగొంతు.

"శోభ మేడమేనా? నా పేరు స్వరాజ్యం. కందుకూరు కాడ్నుంచి మాట్లాడుతున్న. మీ కథ చదివిన."

"సంతోషం. చెప్పండి."

"తిట్టనీకి చేయలే మేడం. కథ మంచిగనే రాసిన్రు. ఒక్క ముచ్చట చెప్పాల్నని మూడు దినాల సంది అనుకుంటున్న." గొంతు సవరించుకుంది. "మా తమ్ముడు రాజు. దుబాయ్ల పోయిండు. మూడేండ్లాయె. పెట్టె వచ్చింది. తెరువద్దని పెద్దమనుషులన్నరు. మేం తెరవలే. గట్లనే బొంద పెట్టినం."

శోభ చేతిలో డబ్బా మూత అలాగే ఉండిపోయింది.

"నాకు రాజు అంటే ఎయిర్‌పోర్టు కాడ అద్దాల అవుతల నిలబడి చెయ్యి ఊపిన రాజే. నీలం అంగీ తొడిగి, నవ్వుకుంట. మూడేండ్లు గా మొఖమే కండ్లల్ల పెట్టుకున్న. ఆదివారం సంది గా మొఖం వస్తలేదు. మీరు రాసిన మొఖం వస్తున్నది."

"నేను... నాకు తెల్వదమ్మా..."

"మీకెట్ల తెలుస్తది? మీ తప్పని అంటలేను. పెట్టె మేం తెరవలే. మీరు తెరిచిన్రు. గంతే. చెప్పకపోతే లోపల్నే ఉంటదని చెప్పిన."

"మీ అమ్మ గూడ చదివిందా?" అని అడిగింది శోభ.

"అమ్మకు చదువు రాదు. మా ఊర్ల పెద్దోళ్లకు అక్షరాలు నేర్పే సెంటర్ నేనే నడుపుత. ఆదివారం ఆడోళ్లందరు వస్తే పేపర్ల కథ చదివి వినిపిస్త. అమ్మ గూడ వస్తది. మీ కథ సగం చదివినంక ముంగట ఏం రానుందో నాకు సమజైంది. అమ్మ ఎదురుంగనే కూసున్నది. ఆపితే ఎందుకు ఆపినవని అడుగుతది. మిగిలింది ఎన్క ఒక్కదాన్నే చదువుకున్న గానీ, అప్పుడైతే నోటికొచ్చింది చదివినట్టు చెప్పుకుంట పోయిన." ఆ మాటంటూ చిన్నగా నవ్వింది. "మంచిది మేడం. ఉంట."

శోభ ఆ రోజు డబ్బా మూత పెట్టి ఇంటికి తీసుకుపోయింది.

ఇంటికి వెళ్లాక మాత్రం ఆమెకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. "నిజం రాసుడు తప్పా? జరిగేదే రాసిన. నేను కల్పించిననా?" అంది మల్లేశ్వర్‌తో.

"తప్పని ఆమె అన్నదా?"

"అనలే."

"మరి నువ్వెవరితోని కొట్లాడుతున్నవ్?"

ఆ కాలమ్ కత్తిరించి పారేద్దామా అని ఒకసారి, ఒక్కరు బాధపడ్డారని కథ మార్చుకుంటే ఇక రాయడమెందుకని ఒకసారి, ఇలా పది పదిహేను రోజులు ఆమె తనలో తానే వాదించుకుంది. కొత్తగా ఒక్క వాక్యం రాయలేకపోయింది.

అలాంటి రోజుల్లోనే ఒక పొద్దున ఆర్మూరు దిక్కు నుంచి ఒక కుటుంబం వచ్చింది. కొడుకు పేరు అరుణ్‌కుమార్. భవనం కట్టే దగ్గర పైనుంచి పడిపోయాడు. కాగితాల్లో తండ్రి పేరు ఒక అక్షరం తేడాగా ఉండడంతో ఇంటివాళ్ల సంతకం మళ్లీ తీసుకోవలసి వచ్చింది. రోజూ ఈ పని ఆఫీసు బయటి పనులు చూసే మనిషి చేసేవాడు. ఆ రోజు అతను రాలేదు. శోభే కాగితాలు పట్టుకుని గేటు బయటికి నడిచింది.

ఆ ఉద్యోగంలో చేరి రెండేళ్లయినా ఆమె పెట్టె దగ్గరికి వెళ్లడం అదే మొదటిసారి.

రోడ్డు పక్క వేపచెట్టు కింద అంబులెన్సు ఆగి ఉంది. దాని డ్రైవరు చెన్నయ్య. శోభకు అతని సంతకం తెలుసు. వంకరగా, పెద్ద పెద్ద అక్షరాలతో రిజిస్టరులో వందసార్లు చూసింది. మనిషి సన్నగా, నెరిసిన గడ్డంతో, యాభై అయిదేళ్లవాడిలా ఉన్నాడు. పెట్టె అప్పటికే బండిలో ఉంది. చెట్టు కింద తల్లి అనంతమ్మ, కోడలు, పెద్దకొడుకు కూర్చుని ఉన్నారు. ఏడ్చి ఏడ్చి ముగ్గురి గొంతులూ పోయాయి.

చెన్నయ్య వాళ్ల ముందు నిలబడలేదు. వచ్చి మట్టిలోనే కూర్చున్నాడు, వాళ్లతో సమానంగా.

"అక్కా, నీ కొడుకును ఇంట్ల ఏమని పిలుస్తరు?"

అనంతమ్మ తలెత్తింది. పొద్దుటి నుంచి ఆమెను అందరూ పాస్‌పోర్టు అడిగారు, ఆధారాలు అడిగారు, వేలిముద్ర అడిగారు. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"చిన్నా అని."

"చిన్న నా బండిల ఉన్నడు. ఇంటిదాక నేనే తోలుకపోత. నాకు గీ పని పదేండ్ల సంది. ఇప్పుడు మీకొక మాట చెప్త, నిమ్మలంగ వినుండ్రి. మూత ముందు నేను ఒక్కన్నే తీసి చూస్త. చూసొచ్చి మీ కాడ కూసుంట. ఏం చూసిన్నో మీరు అడిగితే చెప్త. అడగకుంటే చెప్ప. చెప్పేటప్పుడు చాలంటే ఆపుత. తర్వాత చూసుడు, చూడకపోవుడు మీ ఇష్టం. ఒకలు చూస్తమంటే ఇంకొకలు చూడాల్నని ఏం లేదు."

పెద్దకొడుకు అడ్డుపడ్డాడు. "మా అమ్మకు చూపెట్టకు కాకా. తట్టుకోదు."

"తట్టుకుంటదో లేదో నువ్వు, నేను అనుకుంటే ఎట్ల? ఆమెనే అడుగుదం," అన్నాడు చెన్నయ్య మెల్లగా. లేచి, పెద్దకొడుకును తమ్ముడి గుర్తులు అడిగి తెలుసుకుని, బండిలోకి ఎక్కి లోపలి నుంచి తలుపులు వేసుకున్నాడు.

శోభ కాగితాలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సంతకం సంగతి మర్చిపోయింది. పై నుంచి ఒక విమానం దిగుతూ పోయింది. కింద ఎవరూ తలెత్తలేదు.

పది నిమిషాలకు చెన్నయ్య వచ్చాడు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, మళ్లీ అదే చోట మట్టిలో కూర్చున్నాడు. వాళ్లు అడిగే దాకా ఆగాడు. శోభకు ఆ మౌనం భరించడం కష్టమైంది. కథలో తనైతే ఆ చోట ఆరు వాక్యాలు రాసి ఉండేది.

చాలాసేపటికి అనంతమ్మే అడిగింది. "నా కొడుకేనా?"

"నీ కొడుకే అక్కా. పచ్చబొట్టు చూసిన. మీ పెద్దోడు చెప్పినట్టే ఉన్నది."

ఆమె కళ్లు మూసుకుంది. తెరిచి, "మొఖం?" అంది.

"మొఖానికి దెబ్బ తాకింది. తెల్లబట్ట కప్పిన్రు. ఇంక చెప్పాల్నా?"

అనంతమ్మ తల అడ్డంగా ఊపింది. చెన్నయ్య అక్కడే ఆపేశాడు. ఆ తర్వాత ఒక్క అక్షరం కూడా దాని గురించి మాట్లాడలేదు.

"కుడిచెయ్యి మంచిగున్నది. ఏం కాలే. ఎట్ల పంపినవో అట్లనే ఉన్నది," అన్నాడు.

"చెయ్యి చాలు నాకు," అంది ఆ తల్లి.

పెద్దకొడుకు ఆమెను పట్టుకుని బండి దగ్గరికి నడిపించాడు. చెన్నయ్య ముందు ఎక్కి, బట్ట అంచులు సరిచేసి, అరచెయ్యి ఒక్కటి బయట ఉండేలా పెట్టాడు. అనంతమ్మ ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. వేళ్లు ఒక్కొక్కటే తడిమింది. బొటనవేలి గోరు దగ్గర ఆగి, "చిన్నప్పుడు తలుపుల పడ్డది ఇది," అంది. అది చెన్నయ్యకు చెప్పిందో, కొడుకుతో అందో. ఆమె కేకలు పెట్టలేదు. సొమ్మసిల్లలేదు. ఆ చేతితో మాట్లాడుతూ కూర్చుంది.

కోడలు చెట్టు కిందే ఉండిపోయింది. ఇరవై అయిదేళ్లు ఉంటాయేమో. చెన్నయ్య తిరిగి వచ్చి ఆమెకు కాస్త ఎడంగా కూర్చున్నాడు.

"నేను చూడ కాకా," అంది ఆ పిల్ల.

"మంచిది బిడ్డా."

"ఒక్కటి చెప్పు. నొప్పి తెలిసిందా ఆయనకు?"

ఇక్కడ ఏ మనిషైనా లేదనే అంటాడు, తెలియలేదనే అంటాడు, అలా అంటే బాగుండునని శోభ మనసులో కోరుకుంది.

చెన్నయ్య ఆ పిల్ల వైపు తిరిగాడు. "నాకు తెల్వదు బిడ్డా. తెల్వనిది చెప్తే రేపు నీకే అనుమానం వస్తది. ఎంటనే దవాఖానకు తోలుకపోయిన్రని కాయిదంల ఉన్నది. పక్కన మీ ఊరి పిలగాడు ఉన్నడని రాసిన్రు. ఒక్కడే లేడు. అది మాత్రం నిజం."

ఆ పిల్ల ఆ మాటను మళ్లీ అంది, "ఒక్కడే లేడు." కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ ఏడుపు ఇంతకు ముందటి ఏడుపులా లేదు. వానలా ఉంది.

శోభ ఎన్నో పుస్తకాలు చదివింది, ఎందరో పెద్దల మాటలు విన్నది. కానీ ఇలాంటి మాటల పొదుపు, ఇంతటి నిజాయితీ ఎక్కడా చూడలేదు. అయిదో తరగతి దాటినట్టు కూడా లేని ఈ మనిషి అబద్ధమాడలేదు, దాచిపెట్టలేదు, అయినా ఎవరినీ గాయపరచలేదు. పెద్ద గుడిలో గర్భగుడి ముందు నిలబడినట్టు ఆమె చేతులు వాటంతటవే దగ్గరికి వచ్చాయి. చూస్తే వాటిలో కాగితాలు ఉన్నాయి. అప్పుడు సంతకం గుర్తొచ్చింది.

నాలుగు రోజుల తర్వాత చెన్నయ్య ఆఫీసుకు వచ్చినప్పుడు శోభ అతన్ని చాయ్‌కి తీసుకుపోయింది.

"కాకా, గిట్ల చెప్పుడు నీకు ఎవరు నేర్పిన్రు?"

"ఎవరు నేర్పుతరు బిడ్డా? తప్పు చేసి నేర్చుకున్న." అతను చాయ్ ఊదుకున్నాడు. "మొదట్ల నేను గూడ అందరి లెక్కనే ఉంటుంటి. కరీంనగర్ దిక్కు ఒక ముసలాయన. చూస్తనన్నడు. నేను ఏం చెప్పకుంట మూత తీసిన. ఆయన మళ్ల మాట్లాడలే. దారి పొడుగూత మాట్లాడలే. పది దినాలకు నేను వాళ్లూరు పోయిన, మనసు ఊకోక. అప్పుడు గూడ మాట్లాడలే. నన్ను చూసి మొఖం తిప్పుకున్నడు. ఆయనకు నేనే యాదికి తెస్తున్న గదా గా బొమ్మను." గ్లాసు కింద పెట్టాడు. "అప్పటి సంది ముందు నేను చూస్త. చూసింది నా కాడ ఉంచుకుంట. వాళ్లు అడిగినంతనే ఇస్త."

"మరి నీ కాడ ఉన్నదంత ఏం చేస్తవ్ కాకా?"

చెన్నయ్య నవ్వాడు. "పహాడీ షరీఫ్ దర్గా గుట్ట ఎక్కుత అప్పుడప్పుడు. మెట్లు ఎక్కుతుంటే ఆయాసమొస్తది, ఇంకేం యాదికి రాదు. మా ఇంటిది కూడ చాన సార్లు ఉంటది ఎంబడి. ఆమెకు గూడ అడిగినంతనే చెప్త."

ముందుముందు పుస్తకంలో వేసుకోవడానికి శోభ ఆ కథ మళ్లీ రాయడం మొదలుపెట్టింది. ఆ కాలమ్ కొట్టేయడం తేలికే. కొట్టేస్తే మాత్రం కథ బోలుగా మిగిలింది. పోయినవాడు ఏదో జ్వరంతో పోయినట్టు అయింది. అది అబద్ధం. మళ్లీ రాసింది, మళ్లీ చింపింది. వానాకాలం పోయింది, బతుకమ్మ పూలు వచ్చాయి, పోయాయి. చివరికి కథలోకి ఒక ఆడపడుచు వచ్చింది. ఆమె ముందు పెట్టె లోపల చూస్తుంది. వచ్చి వదిన పక్కన కూర్చుంటుంది. చదివేవాళ్లకు తెలుస్తుంది, ఆమె చూసిందని. ఏం చూసిందో వదిన అడిగినంత మేరకే కథలో ఉంది. పడిపోవడం ఉంది, దెబ్బ ఉంది, ఆ పని పెట్టినవాళ్లు నడుముకు కట్టుకునే తాడు కూడా ఇవ్వలేదన్న నిజం ఉంది. మొహం మాత్రం ఆ ఆడపడుచు దగ్గరే ఉండిపోయింది. కథకు ముందు రెండు వాక్యాలు రాసింది: "పరదేశంలో పోయినవారి పెట్టె ఇంటికి రావడం గురించి ఈ కథ. అలాంటి పెట్టె అందుకున్నవారు ఇప్పుడు చదవాలా, మరోరోజు చదవాలా మీరే చూసుకోండి."

అచ్చుకు ఇవ్వకముందు స్వరాజ్యానికి ఫోన్ చేసింది. "కథ మళ్ల రాసిన. ఒక్కసారి వస్త. చదివి చెప్తవా? వద్దంటే రాను."

"రాండ్రి," అంది స్వరాజ్యం.

ఆదివారం పొద్దున శోభ పహాడీ షరీఫ్ దాకా ఆటోలో పోయి, అక్కడ కందుకూరు బస్సెక్కింది. స్వరాజ్యం బస్టాండు దగ్గరే నిలబడి ఉంది. ముప్పై ఏళ్ల మనిషి, చామనఛాయ, చేతిలో హాజరు పుస్తకం. సెంటర్ అంటే పంచాయతీ ఆఫీసు పక్క గది. ఆడవాళ్లు ఇంకా రాలేదు. స్వరాజ్యం గోడకు ఆనుకుని కథ మొత్తం మనసులోనే చదివింది. శోభ గోడ మీది అక్షరమాల చూస్తూ కూర్చుంది. అంత భయం ఆమెకు ఏ పరీక్షకూ వేయలేదు.

చదివాక స్వరాజ్యం కాగితాలు సర్ది ఒళ్లో పెట్టుకుంది. "ఏడుపొచ్చింది," అంది. "గానీ రాజు మొఖం పోలే."

"ఆ రోజు నువ్వు అమ్మ ముంగట నోటికొచ్చింది చెప్పిన అన్నవ్ గదా. ఏం చెప్పినవ్?"

స్వరాజ్యం సిగ్గుపడింది. "ఏమో మేడం, సక్కగ యాదికి లేదు. గామె పెట్టె మీద చెయ్యేసి, వాడు పోయినంక ఊర్ల జరిగినయన్ని చెప్తదని చెప్పిన. ఏ బర్రె ఈనింది, ఎవరి పెండ్లయ్యింది, బోరు ఎండిపోయిందని. గట్ల చెప్పుకుంట పోయిన. ఆడోళ్లు గదే మళ్ల చదువుమంటున్నరు. ఎక్కడ్నుంచి చదువాలె? పేపర్ల లేదాయె!"

ఆరు నెలలు శోభ కాగితాలు చింపిన చోట, ఈ మనిషి తల్లి కళ్ల ముందు, నిలబడ్డ చోటే, గొంతు వణకకుండా అంత మాట కట్టింది. దానికి ఏ పత్రికలోనూ అచ్చు లేదు.

మెల్లగా ఆడవాళ్లు వచ్చారు, పదిపన్నెండు మంది. సక్కుబాయి, అంటే స్వరాజ్యం తల్లి, అందరికంటే వెనక వచ్చి తలుపు దగ్గర కూర్చుంది. స్వరాజ్యం ఆమెకు శోభను చూపించి, "అమ్మా, గీమెనే గా పెట్టె కథ రాసింది. మళ్ల రాసిందంట," అంది.

సక్కుబాయి శోభను ఎగాదిగా చూసింది. "ఎన్కటి కథ నా బిడ్డ చదువలే," అంది.

స్వరాజ్యం తల్లి వైపు తిరిగింది. "ఏందమ్మా?"

"నాకు అక్షరాలు రావు గానీ కండ్లున్నయ్ గదా. సగం కాడ్నుంచి నీ కండ్లు కాయిదం మీద లేకుండె. నా మీదున్నయ్. కాయిదం తిప్పుడు గూడ మర్శినవ్." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "నాకోసమే చెప్తున్నదని ఊకున్న. సంబరపడ్డ గూడ. నా కొడుకుకు గవన్ని చెప్పాల్నని నాకు గూడ ఉండె."

ఆమె కాగితాల వైపు చూసింది.

"ఇప్పుడు ఉన్నదున్నట్టు చదువు," అంది సక్కుబాయి. "వద్దన్న కాడ చెయ్యి లేపుత. ఆపు."

స్వరాజ్యం శోభ వైపు చూసింది. శోభ తల ఊపింది.

స్వరాజ్యం ముందున్న రెండు వాక్యాలు కూడా చదివింది. ఒక ఆమె లేచి, "మా ఆయన అక్కడ్నే ఉన్నడు. నేను ఇయ్యాల వినను," అని చెప్పి పోయింది. ఎవరూ ఆమెను వారించలేదు. కథ సాగింది. పెట్టె ఊరికి వచ్చింది. ఆడపడుచు లోపల చూసి వచ్చి కూర్చుంది. వదిన మొదటి మాట అడిగేసరికి సక్కుబాయి చెయ్యి లేచింది.

స్వరాజ్యం ఆపింది. చెయ్యి గాలిలో అలాగే ఉంది, నల్లగా, మట్టిగాజులతో. ఒక నిమిషం. ఇంకో నిమిషం. బయట ఎవరో ట్రాక్టరు స్టార్టు చేసి పోయారు. ఆ చెయ్యి దిగకపోతే కథ అక్కడే అయిపోతుందని, అయిపోయినా మంచిదేనని శోభకు అనిపించింది.

సక్కుబాయి చెయ్యి దించింది. "ఇగ చదువు."

చివరి దాకా మళ్లీ చెయ్యి లేవలేదు. కథ అయిపోయాక సక్కుబాయి, "రాజుకు ఉల్లిగడ్డ పచ్చిది కొరుక్కుంట తినే అలవాటు," అంది. "బడికి పోతే పంతులు దూరం కూసోబెట్టేటోడు, వాసనకు."

ఒక ముసలామె ఫక్కున నవ్వింది. "మా చేన్ల ఉల్లిగడ్డలన్ని వాడే తిన్నడు గద!" అంది. ఇంకొకామె, రాజు చింతచెట్టు ఎక్కి దిగడం రాక ఏడ్చిన సంగతి ఎత్తుకుంది. తమ్ముడి పేరు మూడేళ్లుగా ఆ గదిలో ఎవరూ ఎత్తలేదని స్వరాజ్యం తర్వాత చెప్పింది. ఆ రోజు ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడారు. సక్కుబాయి నడుమ నడుమ తప్పులు దిద్దుతూ, "గట్ల గాదు, వాడప్పుడు రెండో తరగతి," అంటూ, ఏడుస్తూ, నవ్వుతూ కూర్చుంది.

శోభ సంచిలో నోటుబుక్కు ఉంది. ఆమె దాన్ని బయటికి తీయలేదు. మోకాళ్లు ముడుచుకుని, ఆ ఆడవాళ్ల మధ్య చాప మీద కూర్చుని, నోరు తెరుచుకుని వింటూ ఉండిపోయింది. నాలుగింటి బస్సు పోయింది. అయిదున్నర బస్సుకు స్వరాజ్యం తనే వెంట వచ్చి ఎక్కించింది.